క్యాన్సర్ తగ్గింది, మరి చదువు?

పిల్లలకి క్యాన్సర్ తగ్గిందనగానే ఇక అన్నీ మామూలైపోతాయనుకుంటాం, కానీ చదువులో అసలు ఇబ్బంది చాలాసార్లు ఆ తర్వాతే మొదలవుతుంది. బడి మానేసిన రోజులొక్కటే కారణం కాదు. మెదడులో కణితికి తలకి రేడియేషన్ ఇచ్చినా, లుకేమియాకి (రక్త క్యాన్సర్‌కి) వెన్నులోకి మెథోట్రెక్సేట్ అనే మందు ఇచ్చినా, ఏకాగ్రత, విన్నది కాసేపు గుర్తుంచుకోవడం, చకచకా ఆలోచించడం లాంటివి దెబ్బతినొచ్చు, అదీ వెంటనే కాదు, కొన్నేళ్లకి బయటపడొచ్చు, రేడియేషన్ నాటికి వయసు ఎంత చిన్నదైతే ముప్పు అంత ఎక్కువ. తరచుగా లెక్కల్లో తెలిసిపోతుంది. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు వల్ల వేళ్లు తిమ్మిరెక్కి రాత నెమ్మదించొచ్చు, సిస్‌ప్లాటిన్ అనే మరో మందు వల్ల వినికిడి తగ్గితే టీచర్ మాటల్లో స, ష లాంటి శబ్దాలు సరిగ్గా అందవు.

ఇవేవీ తెలుసుకోకుండా ఆ పిల్లల్ని బద్ధకస్తులంటే నాకు నిజంగా కోపం వస్తుంది! అందరికీ ఇలా అవుతుందని కాదు, చాలామంది బాగానే చదువుకుంటారు. కానీ అవసరమైనవాళ్లకి పరీక్షలో అదనపు సమయం, ముందు బెంచీ, రాసిచ్చిన నోట్స్ ఇవ్వడానికి ఏ బడీ వెనకాడకూడదు. తల్లిదండ్రులూ, మార్కులు పడిపోయేదాకా ఆగకండి, చికిత్స చేసిన డాక్టర్‌ని అడిగి న్యూరోసైకాలజీ పరీక్షలు (ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ఆలోచనా వేగం లాంటివి చూసేవి) ముందే చేయించండి, పై తరగతులకి వెళ్లేటప్పుడు మళ్లీ ఒకసారి.