గుండెకు మెటల్ వాల్వ్ పెట్టించుకున్నాక తెలిసిన సంగతులు: నా అనుభవం

మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే మొదట రక్తం తక్కువన్నారు, ఐరన్ మాత్రలు వాడాను. తర్వాత ఆస్తమా అన్నారు, ఇన్‌హేలర్ వాడాను. రాత్రిళ్లు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం మొదలయ్యాక గుంటూరు కొత్తపేటలో ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాం. ఆయన స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. "చిన్నప్పుడు జ్వరంతో పాటు మోకాళ్లు, మోచేతులు వాచాయా అమ్మా?" అని అడిగారు. వాచాయి. ఏడో తరగతిలో నెల పైగా బడి మానేశాను. అమ్మ వావిలాకుతో కాపడం పెట్టేది.

అది రుమాటిక్ ఫీవర్. గొంతులో స్ట్రెప్టోకాకస్ ఇన్ఫెక్షన్ వచ్చిపోయిన రెండు మూడు వారాలకు, ఆ క్రిమి కోసం శరీరం తయారుచేసుకున్న రక్షణే కీళ్ల మీద, గుండె కవాటాల (వాల్వ్‌ల) మీద పడుతుంది. కీళ్లు బాగైపోతాయి. కవాటం మాత్రం ఏళ్ల తరబడి లోపల మందమవుతూ, రెక్కలు అతుక్కుపోతూ ఉంటుంది. అందుకే పదకొండు పన్నెండేళ్లకు వచ్చిన జ్వరం ముప్పై దాటాక ఆయాసంగా బయటపడుతుంది. చిన్నప్పుడు జ్వరం వచ్చిన దశలోనే పట్టుకుంటే మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో మళ్లీ మళ్లీ రాకుండా ఆపొచ్చు. నేను టీచర్ని. ఇప్పుడు మా క్లాసులో ఏ పిల్లకైనా జ్వరంతో ఒక కీలు తగ్గి ఇంకో కీలు వాస్తోందని తెలిస్తే, ఆ తల్లిని పిలిచి ఒక్క ఎకో (గుండె స్కాన్) తీయించమని బతిమాలతాను.

టూడీ ఎకోలో నా మైట్రల్ కవాటం 0.9 చదరపు సెంటీమీటర్లు మాత్రమే తెరుచుకుంటోందని వచ్చింది. మామూలుగా 4 నుంచి 6 ఉండాలి. ముందుకు పోలేని రక్తం వెనక్కి ఒత్తిడి పెంచి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. ఎడమ పైగది సాగిపోయి గుండె లయ తప్పింది. బెలూన్‌తో అయిపోతుందేమో అని ఆశపడ్డాం. తొడ దగ్గరి సిరలోంచి బెలూన్ పంపి కవాటాన్ని విప్పుతారు, ఛాతీ కోయక్కర్లేదు. కానీ గొట్టం మింగించి చేసే ఎకోలో పైగదిలో రక్తపు గడ్డ కనబడింది. బెలూన్ తగిలి అది కదిలితే మెదడుకు పోతుంది. పైగా నా కవాటానికి కాల్షియం పట్టింది, లీకు కూడా ఉంది. ఓపెన్ హార్ట్ తప్పదన్నారు.

ఆపరేషన్ విజయవాడలో. ఇంట్లో అందరికీ టెన్షనే. మా ఆయన మాత్రం, "2016లోనే మన గుంటూరు పెద్దాసుపత్రిలో సర్జన్ గోఖలే గారు గుండెనే మార్చారు, నీది కవాటమేగా" అంటూ ధైర్యం చెప్పేవారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఆసుపత్రిలో ఆ డెస్క్ దగ్గర కార్డు, ఆధార్, ఎకో రిపోర్టు ఇస్తే అనుమతికి పంపారు. అది వచ్చేలోపు పంటి డాక్టరుకు చూపించమన్నారు. పుచ్చు పళ్లలోని క్రిములు రక్తంలో కలిసి కొత్త వాల్వ్‌కు పడతాయట. రక్తం ఇచ్చేవాళ్లను మా మరిది కూడగట్టాడు.

అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించింది ఏ వాల్వ్ పెట్టించుకోవాలని. సర్జన్ గారు కూర్చోబెట్టి రెండూ వివరించారు. జంతువుల కణజాలంతో చేసే టిష్యూ వాల్వ్ అయితే చాలామందికి రక్తం పలచబడే మందు జీవితాంతం అక్కర్లేదు. కానీ వయసులో ఉన్నవాళ్లలో పది పదిహేనేళ్లకు పాడైపోతుంది, మళ్లీ ఛాతీ తెరవాలి. మెటల్ వాల్వ్ దశాబ్దాలు మన్నుతుంది, మందు మాత్రం ఒక్కరోజు మానకూడదు. ఇంకా పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ఈ మాట డాక్టరుతో ముందే చెప్పాలి, ఆ మందు కడుపులో బిడ్డకు ప్రమాదం. నాకు ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. పైగా లయ తప్పింది కాబట్టి టిష్యూ పెట్టినా నాకు ఆ మందు తప్పకపోవచ్చన్నారు. దాంతో మెటల్ వైపే మొగ్గాం. నాకు పెట్టింది తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ రూపొందించిన వాల్వ్. 1990 నుంచి మనుషులకు అమరుస్తున్నారు.

ఆపరేషన్ సంగతి నాకు తెలిసేదేముంది. గుండె ఆపి, ఆ పని హార్ట్ లంగ్ మెషీన్‌కు అప్పగించి, కవాటం మార్చారు. మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం ఉంటుంది, మాట రాదు, కంగారు పడొద్దని మత్తు డాక్టరు ముందురోజే చెప్పడం ఎంత మేలు చేసిందో! దాహమేసి సిస్టర్ అరచేతిలో వేలితో "నీ" అని రాస్తే, పూర్తి చేయకముందే తడిగుడ్డతో పెదాలు అద్దింది. గొట్టం తీశాక మూడు బంతుల స్పైరోమీటర్ చేతికిచ్చారు. గాలి లోపలికి పీలిస్తే మొదటి బంతి లేచేది, రెండోది కదిలేది కాదు. తీగలతో బిగించిన రొమ్ము ఎముక దగ్గినప్పుడల్లా విడిపోతున్నట్టు ఉండేది. "అక్కా, దిండు గట్టిగా హత్తుకుని దగ్గండి" అని ఆ సిస్టరే నేర్పింది. నొప్పికి భయపడి దగ్గకుండా ఉంటే కఫం చేరి న్యుమోనియా వస్తుంది. ఈ ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు ఇంటి నుంచి ఒక గట్టి దిండు తీసుకెళ్లండి.

ఇంటికొచ్చాక రాత్రి నిశ్శబ్దంగా ఉంటే ఛాతీలో టిక్ టిక్‌మని వినబడేది. మా చిన్నది చెవి ఆనించి వినేది. మూడు నెలలు బిందె ఎత్తొద్దు, స్కూటీ నడపొద్దు అన్నారు.

అసలు పని అప్పుడు మొదలైంది. రోజూ సాయంత్రం ఒకే వేళకు అసిట్రోమ్, అదే రక్తం పలచబడే మందు, వేసుకోవాలి. రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షలో 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఈ మందు వాడనివాళ్లకు అది 1 దగ్గర ఉంటుంది. తక్కువైతే వాల్వ్ మీద గడ్డకట్టి పక్షవాతం రావొచ్చు, ఎక్కువైతే చిగుళ్ల నుంచో, కడుపులోనో, తలలోనో రక్తస్రావం. మొదట్లో వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి చేయించాను. ఇప్పుడు నెలకోసారి.

డిశ్చార్జి కాగితంలో ఆకుకూరలు మానమని ఒక్క ముక్క రాశారు. గుంటూరు మనిషిని గోంగూర మానమంటే ఎలా? తర్వాత కార్డియాలజిస్ట్ గారు విడమరిచి చెప్పారు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది. మానక్కర్లేదు, వారం వారం ఒకే పాళ్లలో తినాలి, దానికి తగ్గట్టు మందు మోతాదు కుదురుస్తాం అన్నారు. ఆ మాట ఎంత నిజమో ఆషాఢంలో చూశాను. మునగాకు మంచిదని మా అత్తయ్య గారు పప్పులో, వేపుడులో, పొడిలో వరసగా పెట్టారు. ఐఎన్ఆర్ 1.8కి పడిపోయింది. ఫోన్ చేస్తే మోతాదు కొద్దిగా పెంచి, నాలుగు రోజులకు మళ్లీ పరీక్ష చేయించారు. ఇప్పుడు అత్తయ్య గారే క్యాలెండర్ మీద ఆకుకూర రోజులకు సున్నా చుడతారు, వారానికి రెండు.

మందుల షాపులో ఒళ్లు నొప్పులకని ఇచ్చే బిళ్లలు నేను ముట్టుకోను. చాలా నొప్పి మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్స్ ఐఎన్ఆర్‌ను గానీ రక్తస్రావాన్ని గానీ పెంచుతాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా కూర్చోగానే మెటల్ వాల్వ్ ఉంది, అసిట్రోమ్ వాడుతున్నాను అంటాను. మొన్న బ్రాడీపేటలో పన్ను తీయించుకోవాల్సి వస్తే పంటి డాక్టరు ముందు మా కార్డియాలజిస్ట్‌తో మాట్లాడారు. అసిట్రోమ్ ఆపలేదు, ఐఎన్ఆర్ చూసి, గంట ముందు యాంటీబయాటిక్ వేసి, పన్ను తీసి కుట్టు వేశారు. రక్తం ఆగిందని తేల్చుకున్నాకే ఇంటికి పంపారు.