మాట నా వైపు కాక పక్కవారి వైపు తిరిగిన రోజు

ఈ సాయంత్రం మా సపోర్ట్ గ్రూపు సమావేశంలో నేను మాట్లాడింది చాలా తక్కువ. ఆత్మీయులను పోగొట్టుకున్నవారు వారానికొకసారి గంటన్నరసేపు కలుసుకునే ఈ చిన్న గ్రూపులో, ఇంతవరకూ ఎవరు నోరు విప్పినా నిర్వాహకురాలినైన నా వైపే చూసి చెప్పేవారు. నేనొక మాట అంటే తలూపి ఊరుకునేవారు. ఈ రోజు భర్తను పోగొట్టుకున్న ఒకామె చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, ఎదురుగా కూర్చున్న పెద్దాయనను అడిగింది: "మీక్కూడా తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుందా అండీ?" ఆయన కాసేపు ఆలోచించి, "వస్తుందమ్మా. ఇక లేచి కూర్చుంటాను. మళ్ళీ పడుకుంటే ఆవిడ పడుకునే వైపుకి చెయ్యి వెళ్ళిపోతుంది" అన్నారు. ఇద్దరిలో ఎవరూ నా వైపు చూడలేదు. ఆ తరువాత మరో ఇద్దరు తమ రాత్రుల గురించి చెప్పారు, అదీ ఒకరితో ఒకరు.

గ్రూపు తన పని తాను మొదలుపెట్టడమంటే ఇదేనని నా నమ్మకం. నిద్ర పట్టకపోవడం దుఃఖంలో సహజమేనని నేను ఆమెకు ఇదివరకే చెప్పి ఉన్నాను, కానీ అది చదువుకున్న మనిషి చెప్పిన సమాచారంగానే ఆమెకు చేరింది. అదే సంగతి అనుభవిస్తున్న మనిషి నోటి నుంచి వచ్చినప్పుడు "నా ఒక్కదానికే కాదు" అన్న ఊరట కలిగింది. గ్రూపు చికిత్సలో మేలు చేసే అంశాలను 11గా లెక్కించిన అమెరికన్ మానసిక వైద్యుడు ఇర్విన్ యాలొమ్ ఈ ఊరటకు అందులో ప్రత్యేకమైన చోటు ఇచ్చారు. దానితో పాటు ఆయన చెప్పిన మరో అంశం పరోపకారం. ఈ రోజు మేలు పొందింది అడిగిన ఆమె ఒక్కతే కాదు. తన నిద్రలేమి ఇంకొకరికి అక్కరకు వచ్చిందని తెలిసిన తరువాత ఆ పెద్దాయన గొంతు మారడం నేను స్పష్టంగా విన్నాను.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే వైద్యుడు, శానిటోరియంలో చేరే స్తోమత లేని క్షయ రోగులను వారానికొకసారి ఒకచోట కూర్చోబెట్టి, విశ్రాంతి గురించీ శుభ్రత గురించీ పాఠాలు చెప్పేవారు. ఆయన ఉద్దేశం బోధనే అయినా, ఒకే జబ్బుతో ఉన్నవారు ఒకరినొకరు చూసి ధైర్యం తెచ్చుకోవడం ఆయన దృష్టిని ఆకర్షించింది. 1935లో అమెరికాలోనే ఆక్రన్ అనే ఊళ్ళో, తాగుడు మానిన ఒక వ్యాపారి మళ్ళీ తాగకుండా ఉండటానికి మరో తాగుబోతుతో మాట్లాడాలని వెతుక్కుంటూ వెళ్ళి ఒక వైద్యుణ్ణి కలిశాడు. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం అక్కడ పుట్టింది. ఆ వ్యాపారి వెళ్ళింది ఎదుటివాడిని బాగుచేయడానికి మాత్రమే కాదు, తనను తాను నిలబెట్టుకోవడానికి కూడా. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే సంగతి అదే.

అయితే ఇక్కడికి చేరే ముందు మా గ్రూపు ఒక గడ్డుకాలం దాటింది. కొన్ని వారాల క్రితం ఒక సభ్యుడు కోపంగా, "వచ్చి ఏడ్చి వెళ్ళడం తప్ప ఇక్కడేం జరుగుతోంది? మీరేమో ఏమీ చెప్పరు" అని నన్ను నిలదీశారు. ఇంకొకరు ఆయనను వారించబోయారు, మాటా మాటా పెరిగింది. 1965లో అమెరికన్ మనస్తత్వవేత్త బ్రూస్ టక్‌మన్ చిన్న గ్రూపుల మీద వచ్చిన సుమారు 50 వ్యాసాలను పరిశీలించి, గ్రూపు ఏర్పడటం, ఘర్షణ పడటం, కట్టుబాట్లు కుదుర్చుకోవడం, పని సాగించడం అనే వరుసను చెప్పారు. ముగింపు దశను 1977లో చేర్చారు. నిజజీవితంలో ఈ దశలు ఇంత శుభ్రంగా విడివడి రావు, వెనక్కి కూడా నడుస్తాయి. కానీ ఘర్షణ గ్రూపు చెడిపోయిందనడానికి గుర్తు కాదన్నది మాత్రం నిజం. నాయకుడే తమను గట్టెక్కిస్తాడని గ్రూపు ఎదురుచూస్తూ కూర్చునే స్థితిని బ్రిటిష్ మానసిక వైద్యుడు విల్‌ఫ్రెడ్ బయాన్ చక్కగా వర్ణించారు. ఆ ఆశ తీరనప్పుడు కోపం వస్తుంది, రావాలి కూడా. ఆ కోపాన్ని తీయని మాటలతో చల్లార్చే నిర్వాహకులు సభ్యులు ఒకరివైపు ఒకరు తిరిగే రోజును తెలియకుండానే వాయిదా వేస్తారు.

మౌనంగా ఉండటమంటే వదిలేయడమని కాదు. ఇక్కడ విన్నది బయటికి పోకూడదన్న మాటను ప్రతిసారీ గుర్తుచేయాలి, ఒక్కరే సమయమంతా తీసుకుంటుంటే మర్యాదగా ఆపాలి, అడగని సలహాలు గుప్పించేవారిని "మీకు ఎలా అనిపించిందో చెప్పండి" అని వారి సొంత అనుభవం వైపు మళ్ళించాలి. మాటల్లో చావు ఆలోచన తొంగిచూసిన మనిషితో విడిగా మాట్లాడి వైద్యుని దగ్గరకు పంపాలి, ఎందుకంటే సపోర్ట్ గ్రూపు చికిత్సకు బదులు కాదు. శిక్షణ పొందిన థెరపిస్టు నడిపే చికిత్సా గ్రూపు వేరు: అక్కడ సభ్యులు పరస్పరం మెలిగే తీరు కూడా పరిశీలనకు వస్తుంది. మా దగ్గర అంత లోతుకు వెళ్ళం, వెళ్ళే అర్హతా నాకు లేదు.

ఇప్పుడు చేరతామంటూ మరో ఇద్దరు అడుగుతున్నారు. గ్రూపు చికిత్సకు ఏడెనిమిది మంది ఉంటే బాగుంటుందని యాలొమ్ అభిప్రాయం. మేమింకా అంతమంది లేము కాబట్టి చోటుకు కొదవ లేదు. ఇబ్బంది వేరే ఉంది. కొత్త ముఖం రాగానే పాతవారు మళ్ళీ జాగ్రత్తగా మాట్లాడటం మొదలుపెడతారు, ఇప్పుడిప్పుడే కుదిరిన చనువు కొంతకాలం వెనక్కి తగ్గుతుంది. అలాగని నిన్నమొన్న మనిషిని పోగొట్టుకున్నవారిని గుమ్మంలో నిలబెట్టడం నాకు మనస్కరించదు. ముందుగా ఆ ఇద్దరితో విడివిడిగా మాట్లాడి, వచ్చే వారం మొదట్లోనే ఈ సంగతి సభ్యుల ముందు పెడతాను. వద్దని ఎవరైనా అంటే, అందుకు కారణం కూడా అందరం కలిసే వింటాం.