ముందు చల్లబరుద్దాం, తర్వాత తీసుకెళ్దాం

ఒక సంగీత కచేరీలో నాకు వడదెబ్బ తగిలినప్పుడు ఎలా అనిపించిందని ఆసుపత్రి నుంచి వచ్చాక అందరూ అడిగారు. కళ్ళు బైర్లు కమ్మాయా, గుండె దడదడలాడిందా అని. ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటిపోయిన సమయంలో నాకేమీ కాలేదనే నేను గట్టిగా నమ్మాను. కూర్చోబెట్టబోయిన వాళ్ళ చెయ్యి విసిరికొట్టానట కూడా. వడదెబ్బ ముందుగా దెబ్బతీసేది మనిషి తెలివినే. ఆ సమయంలో ఆ మనిషి 'నాకు బాగానే ఉంది' అంటే నమ్మకూడదు. ఈ ఒక్క సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆ కచేరీ చేసిన బ్యాండ్ అంటే నాకు ప్రాణం. నాన్న పోయిన ఏడాది వాళ్ళ పాటలు పెట్టుకుంటే తప్ప రాత్రిళ్ళు కళ్ళు మూతపడేవి కావు. అందుకే టూరు ప్రకటించగానే నేనూ తమ్ముడూ స్టేజీ ముందు నిలబడి చూసే టికెట్లు తీసుకున్నాం. నడివేసవి, చెట్టన్నదే లేని మైదానం. గేట్లు తీసేది మధ్యాహ్నం, బ్యాండ్ స్టేజీ ఎక్కేది పొద్దు వాలే వేళకి. ముందు వరసలో చోటు కావాలంటే మధ్యలో ఉన్న గంటలన్నీ ఎండలో నిలబడాల్సిందే. ఆ రోజు 41 డిగ్రీలు. టోపీలు, లేత రంగు కాటన్ బట్టలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు అన్నీ సర్దుకునే వెళ్ళాం. నీళ్ళ సీసాలు మాత్రం గేటు దగ్గర తీసేసుకున్నారు. లోపల నీళ్ళ కౌంటర్లు మైదానానికి అటు చివర. అక్కడిదాకా వెళ్ళి వచ్చేసరికి చోటు ఉండదు. నీళ్ళు కావాలా, చోటు కావాలా తేల్చుకోమని అంతమందిని ఎండలో నిలబెట్టడం అన్యాయం. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

గుంపు మధ్యలో ఎండ లెక్కే వేరు. మన చర్మం ఉష్ణోగ్రత దాదాపు 35 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి అంతకంటే వేడిగా ఉంటే ఒంట్లో వేడి బయటికి పోవడానికి మిగిలే దారి ఒక్కటే, చెమట ఆవిరి కావడం. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. ఆవిరైతేనే. ఒంటి మీంచి జారి కింద పడిన చెమట వల్ల ఏ ఉపయోగమూ లేదు. నాలుగువైపులా మనుషులు ఆనుకుని ఉంటే గాలి ఆడదు. అందరి చెమటతో అక్కడి గాలిలో తేమ పెరుగుతుంది. పైగా ఎగురుతూ, గొంతెత్తి పాడుతూ ఉంటాం కాబట్టి కండరాలు ఇంకా వేడి పుట్టిస్తాయి. వాతావరణ శాఖ చెప్పే 41 నీడలో, గాలి ఆడేచోట కొలిచినది. స్టేజీ ముందు మేము భరించిన వేడిని ఎవరూ కొలవలేదు.

బారికేడ్ కడ్డీ మీద తువ్వాలు మడతపెట్టి వేస్తే తప్ప చెయ్యి పెట్టలేకపోయాం. మొదట పిక్కలు పట్టేశాయి. తర్వాత తలనొప్పి, కాస్త వికారం. చాలామందిలో ఎండ ప్రభావం వడదెబ్బ దాకా పోకుండా ఇక్కడితోనే ఆగుతుంది. నీడలోకి వెళ్ళి, పడుకుని కాళ్ళు ఎత్తులో పెట్టుకుని, ఓఆర్ఎస్ తాగితే తేరుకుంటారు. ఇంతలో బ్యాండ్ వచ్చేసింది. మొదటి పాటకి బేస్ గిటార్ దరువు పక్కటెముకల్లో తెలుస్తోంది, అప్పుడు నా ముంజేతి మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని కనిపించాయి. పాట వల్లే అనుకున్నాను. కానీ చలి వేస్తోంది. ఒళ్ళు కాలిపోతుంటే చలి. నాకు స్పష్టంగా గుర్తున్న చివరి సంగతి అదే.

అప్పటికీ చెమట ధారగా కారుతూనే ఉందట. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని ఎన్నేళ్ళుగానో వింటూ వచ్చాం. వడగాడ్పుల రోజుల్లో ఇంట్లో కదలకుండా ఉన్న పెద్దవాళ్ళలో ఎక్కువగా అలాగే ఉంటుందని తర్వాత డాక్టర్ చెప్పారు. ఎండలో పరిగెత్తేవాళ్ళకీ, పనిచేసేవాళ్ళకీ, నాలాగా గంతులేసేవాళ్ళకీ తగిలే వడదెబ్బలో చాలాసార్లు ఒళ్ళు తడిగానే ఉంటుంది. చూడాల్సింది చెమటని కాదు, మాటని, నడకని.

నా మాటని చూసింది తమ్ముడు. మూడో పాట వస్తుంటే నేను పాడకుండా స్టేజీకి పక్కగా ఎటో చూస్తున్నానట. ఆ పాటలో ఒక్క పదం కూడా తప్పిపోకుండా పాడతానని వాడికి తెలుసు.

"అక్కా, ఇదే పాట?" అని అడిగాడు.

"అమ్మ ఫోన్ మోగుతోంది, ఎత్తరా" అన్నానట.

మా ఇద్దరి దగ్గరా అమ్మ ఫోన్ లేదు. వాడు ఇంకేమీ అడగలేదు. బారికేడ్ అవతల ఉన్న సెక్యూరిటీ అతనికి చేతులు ఊపుతూ, "మా అక్క మాట తేడాగా వస్తోంది, బయటికి లాగండి" అని అరిచాడు. నేను 'నాకేం కాలేదురా' అంటూనే ఉన్నానట. వాడు అక్క మాట వినకపోవడం వల్ల నేను ఈ రోజు ఇది రాయగలుగుతున్నాను.

మెడికల్ టెంట్‌లో జరిగింది నాకు ముక్కలుముక్కలుగానే తెలుసు, మిగతాది వాడు చెప్పిందే. నుదుటి మీద, చంకలో పెట్టే థర్మామీటర్లు ఇలాంటప్పుడు తక్కువ చూపిస్తాయి. అందుకని మలద్వారంలో పెట్టి కొలిచారు. 41.1 వచ్చింది. అంబులెన్స్ బయటే ఉంది. తమ్ముడు వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమని బతిమాలితే అక్కడున్న పెద్ద నర్సు ఒప్పుకోలేదు. "ముందు చల్లబరుద్దాం, తర్వాత తీసుకెళ్దాం" అన్నారట. నన్ను ఒక టార్పాలిన్ మీద పడుకోబెట్టి, నలుగురు దాని అంచులు తొట్టిలా పైకెత్తి పట్టుకుంటే, మిగతావాళ్ళు నీళ్ళూ ఐసు ముక్కలూ కుమ్మరించి అటూ ఇటూ కదిలించారు. మెడ కింద గుంటలో ఐసు ముక్క ఒకటి ఇరుక్కుని కరుగుతున్న నొప్పి నాకు గుర్తుంది. వేడి 39కి దిగాక ఆపేశారు. ఇంకా చల్లబరిస్తే ఒళ్ళు మరీ చల్లబడిపోతుందట.

ఆ నర్సు మాట వెనక ఉన్న లెక్క నాకు తర్వాత అర్థమైంది. మెదడు, కాలేయం, మూత్రపిండాలు ఎంత దెబ్బతింటాయన్నది వేడి ఎంత పెరిగిందన్న దానికంటే ఎంతసేపు అలా ఉందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే మొదటి 30 నిమిషాలు అంత విలువైనవి. ఆ సమయం ట్రాఫిక్‌లో పోతే ఎంత పెద్ద ఆసుపత్రికి చేరినా నష్టం జరిగిపోయే ఉంటుంది.

ఆ గుంపులోనే ఎవరో ఒక ఆవిడ, పాపం, పారాసిటమాల్ ఇవ్వబోయారట. మంచి మనసుతోనే. కానీ జ్వరంలో మెదడు తానే వేడి పెంచమని చెబుతుంది, మాత్ర ఆ ఆదేశాన్ని తగ్గిస్తుంది. వడదెబ్బలో మెదడు అలా చెప్పలేదు, వేడి బయటికి పోయే దారి లేక పేరుకుపోయింది. ఇక్కడ ఆ మాత్ర పనిచేయదు సరికదా, అప్పటికే దెబ్బతిన్న కాలేయానికి అదనపు భారం. సరిగ్గా మాట్లాడలేని మనిషి నోట్లో నీళ్ళు పోయడం కూడా ప్రమాదమే, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చేయాల్సింది ఒంటిని తడిపి గాలి ఆడేలా చూడటం, దొరికితే ఐసు, అంబులెన్స్‌కి ఫోన్.

ఆసుపత్రిలో మొదటి రోజు మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. కండరాలు దెబ్బతిని వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాల మీద పడుతోందన్నారు. కండరాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీకే అనే రక్తపరీక్ష అంకె మామూలుగా వందల్లో ఉండాలి, నాది వేలల్లో ఉంది. సెలైన్ ఎక్కిస్తూనే ఉన్నారు. ఒళ్ళు కాస్త తేలికపడి ఇంటికి పంపమని అడిగితే డాక్టర్ ఆపారు. కాలేయం దెబ్బ వెంటనే బయటపడదు, 2, 3 రోజులకి గానీ పరీక్షల్లో పూర్తిగా తేలదు. నాకు అలాగే జరిగింది, లోపల బాగుందని అనుకున్నాక అంకెలు పెరిగి, తర్వాత మెల్లగా దిగాయి.

ఆ వారం ఏమేం మందులు వాడానో డాక్టర్ గుచ్చిగుచ్చి అడిగారు. ముందురోజు జలుబుకి వేసుకున్న మాత్ర పేరు చెప్పగానే రాసుకున్నారు. క్లోర్‌ఫెనిరమైన్ లాంటి పాతరకం అలర్జీ మందులు చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి. బీపీకి వాడే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. మందులు వాడేవాళ్ళు ఎండ కచేరీకి వెళ్ళే ముందు డాక్టర్ని ఒక్క మాట అడగాలి. ఈ విషయం ఏ మాత్రల అట్ట మీదా కనపడేంత పెద్ద అక్షరాల్లో ఉండదు.

కోలుకోవడం నేననుకున్నంత తొందరగా కాలేదు. రక్తపరీక్షలు మామూలయ్యాక కూడా పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే గుండె దడ. మెట్లెక్కితే ఆయాసం. ఒకసారి వడదెబ్బ తగిలినవాళ్ళకి కొంతకాలం ఒళ్ళు వేడిని ముందులా తట్టుకోలేదట. కనీసం వారం ఏ వ్యాయామమూ వద్దన్నారు, తర్వాత చల్లటి గదిలో నడకతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచమన్నారు. అలాగే చేశాను. అన్నిటికంటే బాధపెట్టింది వేరే. ఆ బేస్ గిటార్ వినపడితే చాలు, చేతులు చల్లబడి టెన్షన్ మొదలయ్యేది. ఇన్నేళ్ళు నన్ను నిద్రపుచ్చిన పాటలు నా దగ్గరికి రాలేకపోతున్నాయని ఏడ్చాను. తమ్ముడే ఫ్యాను కింద కూర్చోబెట్టి, చిన్న శబ్దంలో, ఒక్కో పాట చొప్పున మళ్ళీ అలవాటు చేశాడు.

2023 నవంబర్‌లో రియో డి జెనీరోలో గాయని టేలర్ స్విఫ్ట్ కచేరీలో ఒక అభిమాని ఎండవేడికి ప్రాణం కోల్పోయారు. వెంటనే బ్రెజిల్ ప్రభుత్వం ప్రేక్షకులు నీళ్ళ సీసాలు తెచ్చుకోనివ్వాలని, లోపల ఉచితంగా నీళ్ళు అందించాలని ఆదేశించింది. అంతకు చాలా ముందే, 1999 జులైలో, అమెరికాలో ఒకప్పటి వైమానిక స్థావరం మీద జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో నీడ లేదు, నీళ్ళ సీసా 4 డాలర్లు, ఎండకి పడిపోయినవాళ్ళు ఎందరో. అన్నేళ్ళ తర్వాత కూడా ఒక ప్రాణం పోతే గానీ నీళ్ళు లోపలికి రాలేదు.

మేము వెళ్ళిన కచేరీ నిర్వాహకులకి ఇదంతా రాసి పంపాను. ఖాళీ సీసా అనుమతించమని, ముందు వరస వాళ్ళకి బారికేడ్ లోపలి నుంచే నీళ్ళు అందించమని, ఎండ మరీ ఎక్కువుంటే గేట్లు ఆలస్యంగా తీయమని అడిగాను. వచ్చే సీజన్ నిబంధనల్లో ఖాళీ సీసాకి అనుమతి ఇచ్చారు. నీళ్ళు పట్టుకునే చోట్లు ఎన్ని, ఎక్కడ అన్నది రాయలేదు. అది అడుగుతూ నిన్న మళ్ళీ మెయిల్ పెట్టాను. ఈసారి తమ్ముడు కూడా సంతకం చేశాడు.