పిల్లల మిస్టరీ నవల, ఒక ఎడిటరు, నానబెట్టిన ఈత బరిగెలు

పుస్తకం ప్రెస్సుకి వెళ్లింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

పదేళ్లు దాటిన పిల్లల కోసం 12 అధ్యాయాల మిస్టరీ. రాయడం, టైపింగు, బొమ్మలు సాఫీగానే అయ్యాయి. చుక్కలు చూపించింది ఎడిటింగే.

కథ ఇదీ: గుంటూరులో ఒక వీధి. బుట్టలల్లే ఎరుకల నాంచారయ్య ఓ రాత్రి కనపడకుండా పోతాడు. అదే రాత్రి ఎదురింట్లో గొలుసు పోతుంది. ఇంకెవరు, వాడే అని వీధి తేల్చేస్తుంది. నిజానికి ఆయన్ని లారీ గుద్దితే 108లో పెద్దాసుపత్రికి చేర్చారు. స్పృహ లేదు, జేబులో ఆధార్ లేదు, రిజిస్టర్లో 'గుర్తుతెలియని వ్యక్తి'. మనిషి కనపడటం లేదని ఎవరైనా స్టేషన్లో చెప్పి ఉంటే ఆ ఫిర్యాదూ, ఆసుపత్రి రిజిస్టరూ కలిసేవి. వీధివాళ్లు ఇచ్చింది దొంగతనం కేసు. అందుకే పోలీసులు, దొంగల ఊరని ముద్ర పడ్డ ఎరుకలవాళ్ల స్టువర్టుపురం వెళ్లారు, ఆసుపత్రికి వెళ్లలేదు.

ఎడిటరు గారేమో "పిల్లలకి కులాల గొడవెందుకండీ, అద్దెకు దిగిన కొత్త మనిషి అనేద్దాం" అన్నారు. అలాంటి మనిషి కోసం ఇంటి ఓనరు మర్నాడే ఆసుపత్రుల్లో వాకబు చేస్తాడు, మూడో అధ్యాయంలో నవల అయిపోతుంది! ఇది వివరించబోతే, చిన్నపిల్లాడికి చెప్పినట్టు "మీరింకా కొత్త కదా" అని ఫోన్ పెట్టేశారు. కొన్ని తెగల్ని పుట్టుకతోనే నేరస్థులుగా చూసిన బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం కింద నాంచారయ్య తాత స్టేషన్లో హాజరు వేయించుకున్న పేరా కూడా కొట్టేశారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. ఆ చట్టం సంగతి తెలియకపోతే వీధికి ఆ అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకి ఎలా తెలుస్తుంది?

ఇంకో కోత మరీ దారుణం. రెండో అధ్యాయంలో నాంచారయ్య గుమ్మం పక్కన మూడు వస్తువులుంటాయి: విరిగిన కుర్చీ, బక్కెట్లో నానుతున్న ఈత బరిగెలు, పాత గొడుగు. "అనవసర వర్ణన" అని గీత పెట్టారు. అసలు ఆధారమే అది! బుట్ట అల్లేటప్పుడు ఎండిన బరిగె వంచితే పెళుక్కున విరుగుతుంది, అందుకే ముందురోజే నానబెడతారు. తెల్లారి అల్లుకుందామనుకున్నవాడు రాత్రికి రాత్రి ఎందుకు పారిపోతాడు? తొమ్మిదో అధ్యాయంలో కథలోని ఓ పిల్ల ఈ ప్రశ్నే వేస్తుంది. ఆధారాన్ని మూడింటి మధ్యలో దాచాలి; చివర పెడితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. అన్నట్టు, ఐదో అధ్యాయం దాకా ఎడిటరు గారు కూడా నాంచారయ్యే దొంగ అనుకున్నారట. అంత బాగా కుదిరింది.

చివరికి, ఏ అధ్యాయంలో ఎవరికి ఏం తెలుసో పట్టిక గీసి పంపించా. జవాబు రాలేదు. వేరే ప్రచురణకర్తని చూసుకున్నా. మీరైతే ఆ పట్టిక రాతప్రతితోనే పంపండి.

మిగతావి చిన్నవే. ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) డబ్బులడిగే ఏజెంట్లని నమ్మొద్దు; రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ పోర్టల్లో అది ఉచితం. ప్రెస్సులో ఒక్కో ఫారానికి 16 పేజీలు కాబట్టి పుస్తకాన్ని 96 పేజీలకి, అంటే ఆరు ఫారాలకి సర్దండి. యూనికోడ్ నుంచి డీటీపీలో వాడే అను ఫాంట్లకి మార్చాక వత్తులు ఒక్కొక్కటీ చూసుకోండి, ముఖ్యంగా 'స్త్ర', 'ష్ట్ర'.