కొబ్బరి మోడు, మనవడి మాట

మా శ్రీకాకుళం విద్యార్థులు ఏడుగురు కలిసి రాసిన ఒక నాటికను నెల రోజులుగా సంకేతశాస్త్ర దృష్టితో, అంటే గుర్తులు అర్థాన్ని ఎలా ఇస్తాయో చూస్తూ, చదువుతున్నాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరితోట పోగొట్టుకున్న ఒక ఇంటి కథ అది. రంగాలను పంచుకొని ఎవరి రంగం వారు రాశారు కనుక, ఒకే వస్తువు చేతులు మారేకొద్దీ దాని అర్థం ఎలా మారుతుందో ఈ ప్రతిలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ వస్తువు రంగస్థలం నడుమనున్న కొబ్బరి మోడు. మొదటి రంగంలో తాత దానిమీద కూర్చుంటాడు. పొగ నిప్పును తెలిపినట్లు అక్కడ మోడు తుపానును తెలుపుతుంది. గుర్తులను సూచిక, ప్రతిమ, సంకేతం అని అమెరికా తత్త్వవేత్త చార్లెస్ శాండర్స్ పర్స్ చేసిన విభజనలో ఇది సూచిక. రెండవ రంగంలో తాత లేచి, చేతులు పైకెత్తి, వేళ్ళను మట్టల్లా విప్పి, కూలిన చెట్టును ఒంటితో చూపుతాడు. ఇది పోలికమీద నిలిచే ప్రతిమ. మూడవ రంగంలో మాటలే లేవు, ఒక్క రంగసూచన ఉంది: కోడలు మోడు మీద దీపం పెట్టి, చీర చెంగుతో గాలికి అడ్డుపడుతుంది. పోయినవారి తలాపున దీపం పెట్టే ఆచారం తెలిసినవారికే ఇది అందుతుంది కనుక సంకేతమయింది. చెట్టును కూల్చిన గాలికే ఆమె చెంగు అడ్డుపెడుతోందని గమనించినప్పుడు, ఆ వాక్యం రాసిన అమ్మాయి మీద నాకు గొప్ప గౌరవం కలిగింది.

నాలుగవ రంగం దగ్గర నేను పొరబడ్డాను. మొదట "నానెక్కడికీ ఎల్ను తాతా" అన్న మనవడు, ఇక్కడ "నేను రేపు ఉదయం బయలుదేరుతున్నాను తాతయ్యా" అంటాడు. ఈ రంగం రాసినది వేరే జిల్లా విద్యార్థి. యాస అతకలేదని ఎర్రసిరాతో గీత గీశాను. సాధనలో విన్నప్పుడు మాత్రం, బస్సు ఎక్కకముందే మనవడి మాట ఊరు దాటిపోయిందని తోచింది. రంగస్థలం మీద ఉన్నదంతా గుర్తేనని ప్రాగ్ సంప్రదాయానికి చెందిన చెక్ రంగస్థల సిద్ధాంతకర్త యిర్షీ వెల్త్రుస్కీ 1940లో అన్నాడు. రాసినవారి పొరపాటు ప్రేక్షకుడికి తెలియదు. అతడికి అదీ అర్థమే. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో గిరీశం ఇంగ్లీషు కలిపి మాట్లాడే తీరే అతడెవరో చెబుతుంది కదా.

"మా ఊరి కుర్రాడు తాతతో అలా మాట్లాడడు సార్" అని ఉద్దానం విద్యార్థి ఒప్పుకోలేదు. అతడి మాటా న్యాయమే. చివరకు వాక్యాన్ని అలాగే ఉంచి, దాని కింద తన చేతిరాతతో రెండు పంక్తులు చేర్చాడు. తాత వినపడనట్లు "ఏటీ?" అంటాడు. మనవడు సంచీ కింద పెట్టి, "ఎలిపోతన్నాను తాతా" అంటాడు.