స్కోలిన్ ప్రశ్న తప్పాక ఎన్‌ఎంజే (నరం, కండరం కలిసే జంక్షన్) మళ్లీ మొదట్నుంచి చదివాను

నీట్ పీజీకి రెండోసారి ప్రిపేర్ అవుతున్నప్పటి సంగతి. మాక్ టెస్ట్‌లో ఓ ప్రశ్న వచ్చింది. వెన్నుపాము దెబ్బతిని మూడు వారాలుగా కాళ్లు పడిపోయిన మనిషికి ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలోకి గొట్టం వేయడం) కోసం కండరాలను వదులు చేసే స్కోలిన్ ఇవ్వగానే గుండె ఆగిపోయింది, కారణమేంటి అని. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుందని బట్టీ వచ్చు, ఎందుకు పెరుగుతుందో రాదు, అందుకే "కండరాలు చితికిపోవడం" పెట్టేసి వచ్చాను. హౌస్ సర్జన్సీలో సీనియర్ అక్క ఇలాంటి కేస్‌షీటే చూసి "ఈయనకి స్కోలిన్ వద్దు, రోక్యురోనియం తియ్" అంటే, కండరాలను వదులు చేసే ఆ రెండో మందు తీసిచ్చానే గానీ ఎందుకక్కా అని అడగలేదు.

ఆ రాత్రి పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి పిండం దగ్గర్నుంచి గీశాను. నరం రాకముందే కండరం తన మధ్యభాగంలో ఎసిటైల్‌కోలిన్ (నరం కండరానికి సిగ్నల్ పంపే రసాయనం) రిసెప్టర్లను కాస్త పోగుచేసుకుంటుంది. నరం కొస వచ్చి అగ్రిన్ అనే ప్రొటీన్ వదిలితే అది కండరం మీది ఎల్‌ఆర్‌పీ4 అనే ప్రొటీన్‌కి అతుక్కుంటుంది, దాంతో కండరం మీదే ఉన్న మస్క్ అనే ఇంకో ప్రొటీన్ పని మొదలుపెడుతుంది, లోపలుండే రాప్సిన్ ఆ రిసెప్టర్లను నరం కిందికి గుంపుగా చేర్చి పట్టి ఉంచుతుంది, చదరపు మైక్రాన్‌కి దాదాపు 10,000. మొదట్లో ఒక్కో కండర ఫైబర్ (పోగు) మీదికి ఒకటికి మించి నరాలొస్తాయి, పోటీలో చివరికి ఒక్కటే మిగులుతుంది (ఎలుక పిల్లల్లో పుట్టిన రెండు వారాల్లో తేలిపోతుంది). రిసెప్టర్‌లో గామా అనే ముక్క పోయి ఎప్సిలాన్ అనే ముక్క వచ్చేదీ ఈ రోజుల్లోనే.

నేను వదిలేసింది ఆ తర్వాతి ముక్క. జంక్షన్ ఒకసారి కట్టేస్తే ఉండిపోయేది కాదు. నరం నుంచి సిగ్నల్ వస్తున్నంత కాలమే మిగతా కండరమంతా రిసెప్టర్ జీన్లు అణిగి ఉంటాయి. సిగ్నల్ ఆగిందా, పిండంనాటి గామా రకం మళ్లీ ఫైబర్ పొడవునా మొలుస్తుంది. స్కోలిన్ కూడా ఎసిటైల్‌కోలిన్ లాగే ఈ రిసెప్టర్లను తెరుస్తుంది, కాబట్టి అప్పుడు ఇస్తే జంక్షన్ దగ్గరే కాదు, ఫైబర్ మొత్తం తలుపులు తెరుచుకుని పొటాషియం బయటికి తన్నుకొస్తుంది. ఇంతే ప్రశ్న! కాగితం మీద చూస్తే నవ్వొచ్చింది, పోయిన నాలుగు మార్కులు, పడిన నెగెటివ్ ఒకటి గుర్తొచ్చి ఏడుపూ వచ్చింది.

మయస్థీనియా (సొంత యాంటీబాడీలే ఈ జంక్షన్ మీద దాడి చేసి కండరాలను నీరసపరిచే జబ్బు) కూడా ఇదే బొమ్మ మీద రాసుకోండి. ఎక్కువమందిలో యాంటీబాడీలు రిసెప్టర్ మీదే ఉంటాయి, అది నెగెటివ్ వస్తే మస్క్ యాంటీబాడీ టెస్ట్ ఎందుకు పంపుతారో బొమ్మే చెబుతుంది. బొటులినమ్ విషం, ల్యాంబర్ట్-ఈటన్ జబ్బు మాత్రం ఇందులో ఇరికించకండి, అవి నరం కొసలో జరిగే గొడవలు, వాటికి వేరే కాగితం తీసుకోండి.