రిపోర్టులన్నీ నార్మల్, జబ్బు మాత్రం నిజం

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌ను, అంటే విశ్రాంతి తీసుకున్నా నెలల తరబడి వదలని తీవ్రమైన నీరసపు జబ్బును, తేల్చి చెప్పే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ నేటికీ లేదు. రోగి చెప్పేది ఓపికగా విని, అవే లక్షణాలతో కనిపించే ఇతర జబ్బులను ఒక్కొక్కటిగా కొట్టివేసుకుంటూ రావడమే వైద్యుడికి ఉన్న దారి. మన దేశంలో ఆ జాబితా చాంతాడంత: రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం, మధుమేహం, క్షయ, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), డిప్రెషన్. బెంగళూరులో మారతహళ్లి వైపు ఉంటున్న మా వదినకు డెంగీ తగ్గాక పట్టుకున్న నీరసం నెలలు గడిచినా వదలకపోయేసరికి, ఈ పరీక్షలన్నీ ఒక లావుపాటి ఫైలుగా ఇంట్లో పేరుకున్నాయి. బి12 తక్కువగా ఉందని ఇంజెక్షన్లు వేస్తే రిపోర్టులో అంకె బాగుపడింది గానీ మనిషి బాగుపడలేదు. "అన్నీ నార్మలేనమ్మా, టెన్షన్ తగ్గించుకుని రోజూ వాకింగ్ చేయండి" అన్నారు ఒక డాక్టరు గారు. ఊరి నుంచి ఫోన్ చేసిన పెద్దమ్మ దిష్టి తీయించమంది. ఆ సలహా వల్ల కనీసం హాని లేదు.

వాకింగ్ వల్ల హాని ఎందుకో తెలియాలంటే ఈ జబ్బు అసలు లక్షణం తెలియాలి. శక్తికి మించిన పని చేసినప్పుడు అలసట అప్పటికప్పుడే రాకుండా, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వచ్చి మనిషిని పడదోస్తుంది. ఒక ఆదివారం వదిన బట్టల అలమారా సర్దుకుంది, ఆ పూట బాగానే ఉంది. మంగళవారం పొద్దున పెనం మీద దోసె వేసి, దాన్ని తిప్పాలన్న సంగతే తోచక, అది మాడి పొగ వచ్చేదాకా అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆదివారానికీ మంగళవారానికీ ఉన్న ఈ సంబంధం రోగికే అంత తొందరగా తట్టదు. ఓపిక కూడగట్టుకుని ఆసుపత్రికి వెళ్లగలిగిన రోజున మాత్రమే ఆమెను చూసే వైద్యుడికి అసలే తట్టదు.

వర్గీకరణలో తికమక అంతా ఈ లక్షణం చుట్టూనే తిరిగింది. 1955లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో దాదాపు 300 మంది, ఎక్కువగా సిబ్బందే, జబ్బుపడ్డారు. ఈ జబ్బుకే ఉన్న మరో పేరు, మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్, ఆ తర్వాతే వచ్చింది, 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని నాడీ వ్యవస్థ జబ్బుల్లో చేర్చింది. మరుసటి ఏడాదే ఇద్దరు మానసిక వైద్యులు, రోగులను స్వయంగా పరీక్షించకుండా కేసు పత్రాలు చదివి, రాయల్ ఫ్రీలో జరిగింది సామూహిక హిస్టీరియా అన్నారు. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌కు 1994లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఆరు నెలల అలసటతో పాటు ఎనిమిది లక్షణాల్లో ఏ నాలుగున్నా చాలు. శ్రమ తర్వాత కుప్పకూలడం ఆ ఎనిమిదిలో ఒకటి మాత్రమే. అంటే అలసట తప్ప ఒక్క లక్షణమూ కలవని ఇద్దరికి ఒకే జబ్బు పేరు పెట్టవచ్చు. ఇలా కలగాపులగంగా చేర్చుకున్న రోగుల మీద జరిగిన చికిత్సా ప్రయోగాల ఫలితాలు ఎవరికి వర్తిస్తాయో చెప్పడం కష్టమని నా అభిప్రాయం. అమెరికాలో 2015 నాటి నిపుణుల నివేదిక ఈ లక్షణాన్ని తప్పనిసరి చేసింది. బ్రిటన్ 2021 మార్గదర్శకాలు కూడా అదే చేసి, వ్యాయామాన్ని క్రమంగా పెంచుకుంటూ పోయే చికిత్సను ఇవ్వవద్దన్నాయి.

చివరికి వదినను చూసిన ఒక ఫిజీషియన్ కొత్త పరీక్షలేవీ రాయలేదు. కాసేపు పడుకోబెట్టి నాడి చూశారు, తర్వాత గోడకు ఆనించి పది నిమిషాలు నిలబెట్టి, నిమిషానికోసారి నాడి, బీపీ రాసుకున్నారు. నిలబడితే గుండె వేగం బాగా పెరగడం ఒక్కటే ఈ జబ్బుకు రుజువు కాదు గానీ, 2015 ప్రమాణాల్లో నిలబడలేకపోవడానికి కూడా చోటుంది. ఏ రోజు ఏ పని చేసిందో, ఆ తర్వాతి రెండు రోజులూ ఎలా ఉందో నోటుబుక్కులో రాసి తెమ్మన్నారు. నిర్ధారణకు ఫైలు కన్నా ఆ నోటుబుక్కే ఎక్కువ పనికొచ్చింది.

ఆఫీసులో సెలవు ఫారంలో జబ్బు కోడ్ రాయాల్సి వచ్చినప్పుడు మళ్లీ పేచీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కోడ్ల జాబితా అయిన ఐసీడీ పాత కూర్పు, ఐసీడీ-10లో వైరల్ జ్వరం తర్వాతి ఫెటీగ్ సిండ్రోమ్ నాడీ వ్యవస్థ కింద జీ93.3గా ఉంటే, న్యూరస్తీనియా (నరాల నీరసం అన్న పాతకాలపు నిర్ధారణ) మానసిక రుగ్మతల్లో ఎఫ్48.0గా ఉంది. కొత్త కూర్పు ఐసీడీ-11 న్యూరస్తీనియాను తీసేసి, ఈ జబ్బును 8ఈ49 కింద నాడీ వ్యవస్థలోనే ఉంచింది. ఆ ఫారం ఇంకా పాత ఐసీడీ మీదే నడుస్తోంది కాబట్టి డాక్టరు గారు జీ93.3 అని రాసిచ్చారు.